తలుపు దగ్గర లెక్క

పుంటా అరేనాస్‌లో గాలి
ఎవర్నీ అడిగి వీయదు.
వీధి మలుపుల్లో తాళ్లు కడతారు, పట్టుకుని నడవడానికి.
అలాంటి ఊళ్లో మా తమ్ముడు యెర్కో
గోడలకు కాగితాలు అంటిస్తానని బయల్దేరాడు.

నూట ఇరవై పోస్టర్లు.
మైదా జిగురు కాచింది నేనే,
మాడిన గిన్నె ఈరోజుకీ వదల్లేదు.
తెల్లారేసరికి గోడల మీద మిగిలినవి మూడు.
తక్కినవి జలసంధి దాటి
అవతలి దీవి గొర్రెలకు
కచేరీ కబురు చెప్పే ఉంటాయి.

బ్యాండ్ అంటే ఎవరనుకున్నారు?
పీతల ఫ్యాక్టరీలో పెట్టెలు మోసే యెర్కో, డ్రమ్స్.
పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసే మకరేనా, బేస్.
తెగిన తీగ కొనలేక
ఐదు తీగల మీదే చెయ్యి తిరిగిన ఎలియాసర్.
పాడేది ఇసోల్దా.
దగ్గినా శ్రుతిలోనే దగ్గుతుంది ఆ పిల్ల.

పేరు కోసం నెల్లాళ్లు కొట్టుకున్నారు.
రెండుసార్లు విడిపోయారు కూడా,
ఇంకా ఒక్క పాటైనా కుదరకముందే.
చివరికి మా గ్యారేజీ తలుపు మీద
నాన్న ఎర్ర రంగుతో రాసిందే పేరైంది:
బండి ఆపరాదు.

అదే కొంప ముంచింది.
మిగిలిన ఆ మూడు పోస్టర్లూ చదివి జనం
"బండి ఆపరాదు, శనివారం, రాత్రి తొమ్మిది"
మున్సిపాలిటీ ఉత్తరువనుకున్నారు.
శనివారం రాత్రి మా వీధి
ఈ చివర నుంచి ఆ చివరికి
ఒక్క కారు లేకుండా కడిగినట్టు ఉంది.
ఇంత విధేయత గల ఊరిని
రాక్ సంగీతం ఏ ఊళ్లోనూ చూసి ఉండదు.

నా పని తలుపు దగ్గర.
డబ్బులు తీసుకోవడం, చేతి మీద ముద్ర వెయ్యడం.
స్టాంపు యెర్కో ఫ్యాక్టరీ నుంచి తెచ్చాడు,
పీతల పెట్టెల మీద కొట్టేది.
"తాజా" అని పడుతుంది.

మొదటి రాత్రి పదకొండు మంది తాజా.
అందులో నలుగురు మేనత్త పిల్లలు,
ఒకాయన చలికి తలదాచుకున్నవాడు,
ఒకావిడ మకరేనా క్లినిక్‌లో పన్ను పీకించుకుని
బుగ్గలో దూది తియ్యకుండానే వచ్చింది.
రెండోసారి పంతొమ్మిది.
మూడోసారి ఫుట్‌బాల్ మ్యాచ్ పడింది: ఆరుగురు.
ఆ ఆరుగురిలో ఇద్దరు స్కోరు చూసుకుంటున్నారు.
ఇసోల్దా మాత్రం
అరవై వేల మందికి పాడినట్టే పాడింది.
నేను అటు తిరిగి నిలబడ్డాను,
చిల్లర లెక్కబెడుతున్నట్టు.

ఎవరు ఎవరికి చెప్పారో తెలీదు.
జూన్ చీకట్లో, మధ్యాహ్నం నాలుగింటికే పొద్దు వాలే రోజుల్లో,
ముప్పై ఒక్కరు వచ్చారు.
వచ్చినవాళ్లలో ఒకడు అన్నాడు:
"ఎప్పుడో మీ పోస్టరు ఎగిరొచ్చి నా మొహానికి అతుక్కుంది.
ఈసారి వీలైంది."
వాడి దగ్గర సగం డబ్బులే తీసుకున్నాను.
ఎందుకని యెర్కో అడిగాడు. నష్టపరిహారం అన్నాను.

ఆ రాత్రి ఓ కొత్త పాట పాడారు,
రెండో చరణానికి మాటలు లేవు.
ఇసోల్దా లలలా అని లాగించేసింది,
వచ్చే వారానికి రాస్తానంది. రాయలేదు.

సోమవారం పొద్దున బస్సు.
కిక్కిరిసి ఉంది, అద్దాల నిండా ఆవిరి.
నా ముఖానికి దగ్గరగా, పైకమ్మీ పట్టుకుని ఒక చెయ్యి,
నీళ్లకూ సబ్బుకూ వెలిసిపోయి "తా" మాత్రం మిగిలింది.
ఎవరో ఆవిడ, ఉన్ని టోపీ, ఒళ్లో మార్కెట్ సంచి.
నేనే ముద్ర వేశాను కదా, మొహం గుర్తు లేదు.
ముప్పై ఒక్కరిలో ఎన్నో అంకె?

పెదాలు కదులుతున్నాయి. మెల్లగా వంగి విన్నాను.
మొదటి చరణం అయిపోయింది.
రెండో చరణం దగ్గర ఆవిడ ఆగలేదు.
ఉల్లిపాయల ధర, వాళ్లాయన దగ్గు,
మంచు కరగని మెట్లు,
తోచిన మాటలన్నీ మా వరసలో కూర్చేసుకుని
పాడుకుంటూ పోతోంది.

నా స్టాపు ఎప్పుడో దాటిపోయింది.