పడమటి కేబిను

నౌపడ జంక్షన్‌లో పడమటి కేబిను పడగొట్టేశారు.
ఇటుకలు ఎవరో ఉప్పు కొఠారుకి తోలుకుపోయారు.
ఇరవై నాలుగు లివర్లూ తూకానికెళ్ళాయి.
నేనొచ్చేసరికి మెట్లు మాత్రం ఉన్నాయి,
ఎక్కడికీ ఎక్కనివి.

ఎర్ర లివరు సిగ్నలుది. నల్లది పట్టాలు మార్చేది.
నీలం, తాళం.
చివర్న తెల్లది ఒకటి, ఏ పనీ లేనిది.
దానికి నాన్న అన్నం క్యారేజీ తగిలించేవాడు.

ఎనిమిదో ఏట ఏడో నంబరు పట్టుకుని వేలాడాను,
రెండు చేతులతో, ఒక కాలు తన్నిపెట్టి.
రాలేదు.
"బలం కాదే గుంటా, వరస.
పన్నెండు ఎనక్కెల్తే గాని ఏడు రాదు.
లాటు దొరొచ్చి లాగినా రాదు."

ఆ మాట మీద ముప్ఫై నాలుగేళ్ళు బతికాను.
జీతం, పెన్షను,
మార్చిన ప్రతిసారీ మందమెక్కిన కళ్ళద్దాలు,
అన్నీ ఆ మాట పెట్టినవే.

ఎలా చెయ్యాలో యంత్రానికి అందరూ చెప్తారు.
ఏం కావాలో ముందు రాయండి బాబూ అనడమే నా ఉద్యోగం.
రాయడానికొక భాష కట్టాను.
పదకొండు మంది వాడారు.
అందులో నలుగురు నా విద్యార్థులే, మార్కుల కోసం.

టైపులంటే ఏంటి మేడమ్ అని అడిగితే
వరసలు అన్నాను.
అన్న వరసవాణ్ణి బావా అని పిలిచి చూడండి,
మా పలాస అత్తలు వారం రోజులు నవ్వుతారు.
కంపైలరు నవ్వదు.
పెళ్ళి ఆపేస్తుంది.

ఒక సాయంత్రం సనపల హైమ వచ్చి
నా సిద్ధాంతంలో, నలభై మూడో పేజీలో
వేలు పెట్టి చూపించింది.
రెండు బళ్ళు, ఒకే లైను.
నేను రాసిన నియమాలన్నీ పాటిస్తూ
ఎదురెదురుగా, మర్యాదగా ఆగి ఉన్నాయి.
గుద్దుకోవు.
కదలవు.
తప్పెక్కడా లేదు, ఇల్లు చేరేవాడూ లేడు.
'ఎన్నడూ' అని రాశాను గాని
'ఎప్పుడో ఒకప్పుడు' రాయడం మరిచాను.

అప్పుడు గుర్తొచ్చింది తుఫాను రాత్రి.
సముద్రం వైపు నుంచి గాలి, వైర్లు తెగి
అవతలి స్టేషను మూగబోయింది.
నాన్న ఎర్ర లివరు ముట్టలేదు.
ఔటరు దగ్గర ఆగిన బండిలోంచి తిట్లు
ఉప్పుమళ్ళ మీదుగా కేబిను దాకా వినబడ్డాయి.
క్యారేజీ తెచ్చిన అమ్మ, తడిసి ముద్దై, మెట్ల కింద నుంచే అరిచింది:
"గుద్దుకోకపోతే సాలా? ఎల్లొద్దా ఆళ్ళు?"

నాన్న జవాబివ్వలేదు.
లాంతరు తీసుకుని, గాంగుమేను పైడయ్యని లేపి
పట్టాల వెంట నడిచి వెళ్ళిపోయాడు,
మోకాల్లోతు నీళ్ళలో
ఒక్కో స్లీపరూ కాలితో తడుముకుంటూ.
తెల్లారగట్ల తిరిగొచ్చి ఏడు లాగాడు.
మర్నాడు పేపర్లో ఏమీ లేదు.
ఏమీ జరగలేదు కదా.

ఆ పేజీ మళ్ళీ రాయడానికి రెండేళ్ళు పట్టింది.
'ఎన్నడూ'కి గుర్తు ముందే ఉంది,
నాన్న కేబిను గోడ మీద సుద్దతో గీసే అడ్డసున్నా.
'ఎప్పుడో ఒకప్పుడు'కి చిన్న లాంతరు గీశాను.
అచ్చులో అలుక్కుపోతోంది, మార్చండన్నాడు
పేరు తెలియని సమీక్షకుడు.
మార్చాను. ఇప్పుడది పేకముక్కల మీది డైమండు.
ఆధారాల పట్టికలో మాత్రం, ఇరవై ఆరో వరసలో,
బొమ్మాళి కూర్మయ్య, పడమటి కేబిను, నౌపడ అని ఉంటుంది.
ఏ సంవత్సరమో రాయలేదు.
ఎవరూ అడగలేదు.

టెక్కలిలో తుక్కు కొట్టుకి వెళ్ళాను.
తెల్ల రంగు లివరొకటి వచ్చిందా అన్నాను.
కాటా మీంచి తల ఎత్తకుండానే అన్నాడు:
"రంగులెవుడు సూత్తాడమ్మా, బరువే గదా."