గూడ్సు బండికి నాలుగు నిమిషాలు

ఇరవై రెండేళ్ళుగా నా పాఠ్యప్రణాళిక
పోయినేటి నోటుబుక్కులోంచి ఈయేటి దాంట్లోకి
తేదీ ఒక్కటి మార్చుకుని కాపురం మారేది.
అవే సామాన్లు.
లక్ష్యం: భిన్నాల కూడిక నేర్చుకుంటారు.
ఉపకరణాలు: సుద్దముక్క, నల్లబల్ల.
కింద హెడ్మాస్టరు ఆకుపచ్చ సంతకం.
నేర్చుకున్నారా అని
ఆ సంతకం ఎన్నడూ అడగలేదు.

ఈ జూన్‌లో టాబ్లెట్లు వచ్చాయి.
తెలుగు మీడియం దాకా వచ్చేసరికి మిగిలింది ఒకటి.
నేనూ ధనకోటి మాస్టారూ వంతులేసుకోవాలి.
ఆయన దాన్ని అప్పడంలా రెండు వేళ్ళతో పట్టుకుని
"పాఠం ఇదే చెప్తుందా,
మనం గంట కొట్టుకుందామా?" అన్నారు.

మొదటి రాత్రి అది అడిగింది:
పీరియడు ఎంతసేపు?
నలభై నిమిషాలు అని కొట్టి, ఆగాను.
కొరుక్కుపేట గేటు పక్కన బడి మాది.
పదకొండుంబావుకి గూడ్సు బండి.
యాభై ఎనిమిది పెట్టెలు, పిల్లలు లెక్కపెట్టారు.
అంతసేపూ నా నోరు కదులుతుంది, మాట వినబడదు.
నలభై చెరిపి ముప్పై ఆరు రాశాను.
ఇన్నేళ్ళకి
నా ప్రణాళికలో ఒక నిజం పడింది.

తర్వాత: నిన్న ఎవరికి అర్థం కాలేదు?
అందరికీ అయింది అనబోయాను, అలవాటు.
పిల్లల చీటీలు ఫొటో తీసి పెట్టమంది.
సగమూ మూడోవంతూ కలిపితే ఎంత?
పంతొమ్మిది చీటీలు వంటింటి గట్టు మీద పరిచాను.
పులుసు అడుగంటింది.
పదకొండింటిని అది పక్కకు లాగి చూపింది.
పదకొండిట్లోనూ రెండు బై ఐదు.
పైదానితో పైది, కిందదానితో కిందది.
ఎన్ని వందల ఇంటూలు కొట్టానో ఆ జవాబుకి,
ఎర్రగా, విడివిడిగా, ఎవరి పుస్తకంలో వాళ్ళకి.
పదకొండు తప్పులు కావవి.
ఒకే తప్పు, పదకొండిళ్ళలో అన్నం తింటోంది.

రేపు పిజ్జా ముక్కలతో చెప్పమంది.
మా క్లాసులో పిజ్జా ఎరిగినవాళ్ళు ఇద్దరు, అదీ బొమ్మలో.
పిజ్జా కొట్టేసి
బిందె అని రాశాను.

ఆరు చెంబులు పట్టే నీలం బిందె.
తెల్లారుజామున లారీ నీళ్ళకి నిలబడి వచ్చి
చివరి బెంచీలో కునికే దేశమ్మని పిలిచాను.
సగం పొయ్యి అన్నాను. మూడు చెంబులు పోసింది.
బల్ల మీద ఆ రెండు బై ఐదు రాసి
ఇది సగానికి ఎక్కువా, తక్కువా? అన్నాను.
వేళ్ళు ముడిచింది, విప్పింది, చాలాసేపు.
"తక్కువే టీచర్."
మరి మూడోవంతు కూడా పోస్తే ఇంతే అవుతుందన్నావుగా?
బిందెలోకి తొంగిచూసి
"సగమున్న దాంట్లో ఇంకా పోస్తే తగ్గుద్దా?
చిల్లుందా దీనికి?" అంది.

అప్పుడే బండి వచ్చింది.
క్లాసంతా నవ్వడం నేను వినలేదు, చూశాను.
పెట్టెలు దడదడమంటుంటే
దేశమ్మ ఇంకో రెండు చెంబులు పోసి
నాకేసి ఒక చెయ్యి చూపింది, ఐదు వేళ్ళూ తెరిచి.
ఆగి, రెండో చేతి బొటనవేలు జతచేసి, ఆరు.
ఆ నాలుగు నిమిషాలు
అనవసరంగా తీసేశాను లెక్కలోంచి.

ఆరుగురికి వచ్చింది. ఐదుగురికి ఇంకా రాలేదు.
వాళ్ళ పేర్లు ఇప్పుడు నాకు తెలుసు.

సాయంత్రం ధనకోటి మాస్టారు
చెప్పులేసుకుంటూ, నా వంక చూడకుండా,
"ఆ బిందె సంగతి నాకూ పంపమ్మా" అన్నారు.
పంపేముందు
కావలసిన వస్తువుల దగ్గర ఒకటి చేర్చాను:
నేల తుడవడానికి పాతగుడ్డ.