దారి మళ్లింపు

బ్రిస్టల్‌లో వాన. గ్లాస్టర్ రోడ్డు తవ్వేశారు.
పసుపు పలక ఎడమకు పొమ్మంది,
పోతే అక్కడ ఇంకో పలక, కుడికి పొమ్మని.
తడిసిన కోటుతో బస్సులో నవ్వుకున్నాను:
పొద్దుటి నుంచీ నేను దిద్దుతున్నది దీన్నే.

నలభయ్యో లేబుల్‌కి దూకు, అంటుంది ఒక ఆజ్ఞ.
దూకితే అక్కడున్నది ఒకటే మాట: తొంభయ్యోదానికి దూకు.
తల చుట్టూ తిప్పి ముక్కు చూపడం
నా కంపైలర్‌కి గిట్టదు.
మధ్యవాణ్ణి తప్పించి తిన్నగా తొంభైకే గురిపెడుతుంది.
పక్క గడపకే దూకమంటే, ఆ మాటే కొట్టేస్తుంది.
అడుగేస్తే వచ్చేదానికి గెంతడమెందుకు?
"అయితే"ని "కాకపోతే"గా తిరగేసి
పదిమందీ నడిచే దారిని కిందికి పరుస్తుంది.

ఇక నలభైకి ఎవరూ రారు.
ఎవరూ రాని చోటు ఉండకూడదు.
ఆ నియమం రాసింది నేనే, పోయిన మార్చిలో.

రెండో పలక దగ్గర
డ్రైవర్ డెస్మండ్ బస్సాపి తలుపు తెరిచాడు.
గొడుగు కింద, కేకు డబ్బాతో ఒకావిడ:
"ఈ వారమంతా మా సందులోంచేనటగా!"
రెండు నిమిషాలు పోయాయి.
గడియారం చూసింది నేనొక్కదాన్నే.

సోమవారం రోడ్డు తెరుస్తారు.