జరగనిది

తెల్లారుజామున మూడూ ఇరవైకి
క్లాక్స్‌విక్ రేవులో
పేర్లు పలకడం మానేశాయి.

పడవలున్నాయి.
కొండ మీంచి దిగిన మంచు, దిగినచోటే కూర్చునుంది.
సముద్రం అడుగున కేబుల్ తెగలేదు, చూశాను,
దీపం పచ్చగానే కొట్టుకుంటోంది.
చేపల వేలం నడిపే యంత్రం
స్కాట్లాండ్‌లో ఎక్కడో మెలకువగానే ఉంది.
పేరు పెట్టి పిలిస్తే
అటు వెళ్ళండని దారి చూపేవాడే లేడు.

ఆ చూపేవాణ్ణి సాకేది నేను.
మెట్ల కింద గది, రెండు సర్వర్లు,
వాటి వేడికి తొడుగులు ఆరేసుకునే తాడు.
రోజుకి నలభై లక్షల సార్లు అడుగుతారు జనం,
ఫలానావారు ఎక్కడుంటారండీ అని.
విసుక్కోకుండా చెబుతుంది.
అదొకటి ఉందని ఎవరికీ తెలీదు.
తెలీకపోవడమే దాని ఆరోగ్యం.

లాగ్ తెరిచాను.
ఆఖరి వాక్యం ఎంతో మర్యాదగా ఉంది:
ఇలా జరగడానికి వీల్లేదు. నిష్క్రమిస్తున్నాను.

లేపాను. నలభై సెకన్లు బతికింది.
అదే వాక్యం.
లేపాను.
అదే వాక్యం.

ఇలాంటి రాత్రి కోసమే కొన్నాం రెండోదాన్ని.
అది మొదటిదానికి కవల.
అదే సాఫ్ట్‌వేర్, అదే వెర్షన్,
ఒంటి మీద అదే చోట అదే పుట్టుమచ్చ.

వరదేమో అనుకున్నాను ముందు.
లక్షమంది ఒకేసారి తలుపు బాదే మోటుపని
ఇదివరకు చూశాను.
ఇది అది కాదు.
ఒకే ఒక్క పొట్లం, ఊరూ పేరూ లేనిది.
లోపల ఒక ప్రశ్న.
ఆ ప్రశ్న పొడుగెంతో రాయాల్సిన చోట
సున్న.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
ఇక్కడ అడగడమే మందు పెట్టడం.

పదకొండేళ్ళ కిందట ఎవరో
సరిగ్గా ఈ వరుస దగ్గర ఆగి ఉంటారు.
పొడుగే లేని ప్రశ్న ఎవరడుగుతారు?
జరగదు.
జరిగిందా, తప్పు చెప్పడం కన్నా చావడం నయం.
అలాగే రాసేసి, టీకి లేచి ఉంటారు.
కోపం రాలేదు నాకు.
అలాంటి వాక్యాలు నేనూ కొన్ని రాసుకున్నాను.
హేయిన్ వెళ్ళిపోడు, అన్నది ఒకటి.

ఐదింటికి ఫోను. వేలం కొట్టు ట్రోందుర్.
"మూడొందల పెట్టెల కాడ్, ఐసు మీదుంది.
ఆరింటికి పాట. తెర మీద ఏమీ రావట్లేదు.
సున్‌వోర్, ఏం చేశావ్ నువ్వు?"
పని నడిచినన్నాళ్ళూ నేను లేను.
ఇప్పుడున్నాను.

"పెన్సిలుందా?"
"చేతులు తడి. సుద్దముక్కుంది."
"రాసుకో."
ఆ యంత్రం అసలు చిరునామా
అంకె వెనక అంకె చెప్పాను, చుక్కలతో సహా.
గాలికి వినపడక మళ్ళీ మొదట్నుంచి.
తారు పూసిన తలుపు మీద సుద్ద గీసుకునే చప్పుడు
ఫోన్లోంచి వచ్చి నా పళ్ళు జివ్వుమన్నాయి.
కాసేపటికి, "తెరుచుకుంది" అన్నాడు.
థాంక్స్ చెప్పలేదు. చేపలు చూసుకోవాలి కదా.

తొమ్మిదింపావుకు దిద్దుబాటు వచ్చింది,
నెదర్లాండ్స్ నుంచి, వీబ్రెన్ అనే అతని పేరుతో.
మూడే వరుసలు.
పొడుగు సున్నయితే
వద్దని చెప్పు, పక్కకు జరుగు, బతికుండు.
కింద చిన్న అక్షరాల్లో:
పాత వాక్యం నాదే. మన్నించండి.

రెండింటికీ ఎక్కించాను.
ఆ పొట్లం ఇంకా వస్తూనే ఉంది, నలభై సెకన్లకోసారి.
పగో, సరదానో,
ఎక్కడో ఓ కుర్రాడు పాఠం నేర్చుకుంటున్నాడో.
వచ్చిన ప్రతిసారీ వద్దంటోంది ఇది,
వద్దని, పక్కవాడి ప్రశ్న వింటోంది.
చావకుండా వద్దనడం నేర్చుకోడానికి
దీనికి మూడు వరుసలు చాలాయి.

మధ్యాహ్నం రేవుకి నడిచాను. వాన.
తలుపు మీద అంకెలు సగం కారిపోయాయి.
ట్రోందుర్ చూరు కింద నిలబడి
మిగిలిన సగాన్ని పడవ పెయింటుతో దిద్దుతున్నాడు.
"ఇది ఏడా, ఒకటా?"
వచ్చేవారం ఈ చిరునామా మారిపోతుంది.
చెబుదామని నోరు తెరిచి,
"ఏడు" అన్నాను.