ఎండలో చూసుకోండి

ఓటీపీ చెప్పండమ్మా అన్నాడు.
నాలుగంకెలు చెప్పి ఫోన్లోంచి తలెత్తేసరికి
ముందు ఆ చేతులు గుర్తొచ్చాయి, మొహం తర్వాత.
ప్లాస్టిక్ కవరు అందించడంలో కూడా
మడత విప్పుతున్నట్టు మణికట్టు తిప్పాడు.

డాబాగార్డెన్స్ సందులో
మూడు మెట్లు దిగి వెళ్ళే కొట్టు.
తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద
మోకాళ్ళు మడిచి కూర్చునే గౌరీసు.
వద్దన్నా విప్పేవాడు
చూడ్డానికే వచ్చామన్నా విప్పేవాడు
గాల్లోకి లేచిన చీర
విసిరిన వల్లా విచ్చుకుని
మా అమ్మ ఒళ్ళో వాలేది.

అమ్మకి రంగు మీద అనుమానం.
"ట్యూబులైటు అబద్దమాడతాదమ్మా
గుమ్మంలోకి రండి, ఎండలో చూసుకోండి"
చీర తన భుజానే వేసుకుని ముందు నడిచేవాడు.
ఆటోలు తప్పుకుంటూ తిట్టుకుంటూ పోతుంటే
మీసాల మనిషి భుజం మీద
వంగపండు రంగు నిజంగా వంగపండయ్యేది.
గల్లాపెట్టె వెనకనుంచి షావుకారు గొణుగుడు.

"ఇది కాటన్ కాదండి"
ఇప్పుడు, నా గుమ్మంలో,
కవరు మూల బొటనవేలితో నొక్కి అన్నాడు.
కాటన్ అనే రాశారు, చూడు, అన్నాను.
"రాస్తారండి."

బైకు శబ్దం మర్రిపాలెం వైపు పోయాక
కత్తెరతో చింపాను.
కాదు.
బొమ్మలో కార్తీకమాసం పొద్దుటి సముద్రం,
చేతిలో హార్బరు గోడ పక్కన
నూనె తేలిన నీళ్ళు.

అలాగని కొట్లమీద బెంగేం లేదు నాకు.
జగదాంబ దగ్గర నాలుగంతస్తుల షోరూములో
ఒక పిల్ల నన్ను కిందనుంచి పైదాకా చూసి
ఆ చివరనున్న ఇంకో పిల్లకి కేకేసింది
"అక్కా, ఈవిడ సైజు పైన స్టాకుందేటే?"
ఆ కేక ఎస్కలేటరు ఎక్కి నాతోపాటే పైకొచ్చింది.
ఆ రాత్రి పదకొండింటికి
వంటిల్లు కడిగి, చేతులు తుడుచుకుని
మంచం మీద బోర్లా పడుకుని
మొదటి కుర్తీ కొన్నాను.
ఎవరూ కేకెయ్యలేదు.
మీ వారికి నచ్చుతుందా అని ఎవరూ అడగలేదు.
నచ్చనిదాన్ని నచ్చలేదనడానికి
మొహమాటపడాల్సిన మొహమే లేదు.

మూడోరోజు రిటర్నుకి మళ్ళీ గౌరీసే.
నేను పెట్టిన మడత చూసి
"ఇలాగైతే తీసుకోరమ్మా" అని
మా అపార్టుమెంటు మెట్లమీదే కూర్చున్నాడు.
అంచుకి అంచు. కొంగు లోపలికి.
గెడ్డం కింద ఓ కొస నొక్కిపట్టి
మొదట ఎక్కడెక్కడ విరిగిందో ఆ గీతలమీదే
నలగకుండా తిరిగి విరిచాడు.
కొట్టేమైంది అన్నాను.
"సెల్లుఫోన్ల కవర్లమ్ముతున్నారు.
పరుపు మాత్రం నేనే తెచ్చుకున్నాను,
పిల్లలు పడుకుంటన్నారు."
వంగపండు చీర ఎలాగుందని అడిగాడు.
నన్ను గుర్తుపట్టలేదనే అనుకున్నాను అప్పటిదాకా.
ఉంది, అమ్మకి ఆ రంగుమీద ఇంకా అనుమానమే అన్నాను.
నవ్వాడు, గెడ్డం కింద కొస జారిపోయింది,
మళ్ళీ మొదటినుంచీ మడిచాడు.

ఆదివారం నాతో పూర్ణా మార్కెట్టుకొచ్చి
ఒక్క చీర ఎంచిపెట్టవా అన్నాను.
"నానా? కౌంటరుకి ఇవతలేపు
ఎలా కూకోవాలో నాకు తెలీదమ్మా."

ఫోను అడుగుతోంది:
ఎందుకు తిరిగిస్తున్నారు?
సైజు. రంగు. చిరుగు. మనసు మారింది.
ఒక బొటనవేలు చెప్పింది అని రాయడానికి
అక్కడ గడి లేదు.
రంగు అని నొక్కాను.

కవరులో పెట్టేముందు
ఏం తోచిందో, ఏ అలవాటో
మడతపెట్టిన చీర భుజాన వేసుకుని
మలుపులో కిటికీ దాకా మూడు మెట్లు దిగాడు.
కంచరపాలెం పదకొండు గంటల ఎండలో
ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు.
కొనడానికి ఎవరూ లేరు.
తల అడ్డంగా ఊపి
జిగురు కాగితం లాగి, అంటించి
"ఇంకా నలభై ఉన్నాయమ్మా" అంటూ
దిగిపోయాడు.