తెడ్డు పట్టే తీరు

సిరోంచలో సినిమా హాలు లేదు.
అయినా బొమ్మ విడుదల కాకముందే
మా ఊళ్లో దాని మీద కొట్లాట మొదలైంది.
బస్టాండు పక్కన జిరాక్సు దుకాణంలో
ఒక ఫోను మీదికి ఏడు తలలు వంగి
రెండు నిమిషాల ముక్కని పదిసార్లు చూశాయి.

"మందాకిని ఇట్లుంటదా?" అన్నాడు గుండేటి లస్మయ్య,
తునికాకు కల్లం మున్షీ,
ఆమె పేరే కూతురికి పెట్టుకున్నవాడు.
"నవలల పాలమీగడ అని రాసున్నది.
ఈమెనేమో టేకుమొద్దు తీరు..."
మిగతాది మింగాడు.
ఆధార్ కార్డుకి లామినేషన్ చేయించుకుంటూ
నేనక్కడే నిలబడి ఉన్నాను,
టేకుమొద్దు రంగులో.

నాకూ కోపమొచ్చింది.
లస్మయ్య మీద కాదు, సినిమా మీద.
ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు వంతెన లేదు.
వారపత్రిక కాళేశ్వరం నుంచి పడవలో వచ్చేది,
ప్రాణహిత పొంగితే రెండు వారాలవి ఒక్కసారే,
అంచులు తడిసి, అప్పడంలా ఉబ్బి.
మరాఠీ బడికి పోయే నాకు
తెలుగు చదవడం నేర్పింది ఆ సీరియలే.
ముప్ఫై ఆరు వారాలూ కత్తిరించి
నాన్న పాత బాకీల పుస్తకంలో
దబ్బనంతో కుట్టుకున్నాను.

మందాకిని ఒంటరిగా ఏరు దాటే రాత్రి
పదకొండో వారం.
పాలమీగడ ఉన్నది అందులోనే.
కాగితం పలచన. దీపానికి ఎదురుగా పెడితే
వెనక పేజీలో ముఖం తెల్లబరిచే క్రీము పిల్ల
వాక్యాల సందుల్లోంచి నవ్వేది.

నేను ఇంట్లో కర్రెపిల్లని, బడిలో కాళీని.
రెండు భాషలకీ నా విషయంలో
ఏ తేడా రాలేదు.
కిరసనాయిలు అయిపోయేదాకా, ఆ ఒక్క గంట,
నా మోచేతులు మీగడ, నా మెడ మీగడ,
పడవలో నిలబడ్డది నేను.
దీపం ఆరాక చీకట్లో కాసేపు
ఎవరికీ ఏ రంగూ ఉండేది కాదు, అదింకా బాగుండేది.

ఇన్నేళ్లకి ఎవరో మందాకినికి నా రంగే ఇచ్చారు.
సంబరపడాలి గదా.
అరువు తెచ్చుకున్న నగని
పెళ్లి పందిట్లో పదిమంది ముందు
అడిగి విప్పించుకున్నట్టయింది నాకు.

లస్మయ్య కొడుకు పోస్టరు మీద సున్నం కొట్టొచ్చాడు.
ముఖం వరకే. చేతులు వదిలేశాడు,
డబ్బాలో సున్నం చాలలేదట.
కాలేజీ కుర్రాడొకడు "ఇన్నాళ్లకి న్యాయం జరిగింది" అని
అందరికీ పేడాలు పంచాడు.
నవల చదివావా అంటే
సినిమా వస్తుంది గదా అన్నాడు.

అప్పుడొచ్చింది సుక్కి, మాడియా పిల్ల,
చేపల బుట్ట దించి చల్లని గోడకి ఆనుకుంది.
ఎవరో ఫోను ఆమె చేతిలో పెట్టారు.
ఏడు తలలూ ఆమె ముఖం వైపు తిరిగాయి
తీర్పు అక్కడ రాసి ఉన్నట్టు.
సుక్కి చూసింది. వెనక్కి జరిపించి మళ్లీ చూసింది.
"ఈమెకి తెడ్డు పట్టరాదు" అన్నది.
"గిట్ల పడితే సుడిల పడవ గిర్రున తిరుగుతది.
పిల్ల సస్తది."
బుట్ట నెత్తికెత్తుకుని పోయింది,
బండ మీద చేపనీళ్ల చారిక వదిలి.

రాత్రి బాకీల పుస్తకం తీశాను.
మీగడ గురించి మూడు వాక్యాలు,
వెన్నెల గురించి ఐదు.
తెడ్డు గురించి ఒక్క ముక్క లేదు.
పడవ అవతలి గడ్డకి ఎట్లా చేరిందో
రాసినాయన చెప్పలేదు,
ముప్ఫై ఏళ్లుగా చదువుతున్న నేనూ అడగలేదు.

శుక్రవారం మంచిర్యాలకి జీపు మాట్లాడారు.
లస్మయ్య వస్తున్నాడు, చూసి తిట్టడానికి.
నేనూ పోతున్నాను, ఎందుకో తెలీదు.
సుక్కిని పిలిచాను.
నీళ్లు తీస్తున్నాయి, చేప పడే రోజులివి,
రానంది.