అల్మారా వెనక గోడ

వాల్పరైసో కొండల మీద ఇళ్లన్నీ
పడవల దగ్గర రంగు అప్పు తెచ్చుకున్నవే.
మా ఇంటి రేకులు మూడు టగ్గుబోట్ల మిగులు:
ముందు నీలం, పక్కన ఆకుపచ్చ,
వెనక, ఎవరు చూస్తారులే అని,
డబ్బా అడుగున ఏది ఉంటే అది.
పైన పటారం లోన లొటారం అంటే
నాకు మా ఇల్లే గుర్తొస్తుంది.

ఎడువిహెస్ లాండ్రీలో ఆఖరి దుప్పటి మడిచి వచ్చిన రోజున
బూట్లు విప్పకుండానే చెప్పింది,
"వెనక గది నాకు కావాలి."
దేనికన్నాను.
"గాలిపటాలకి."
సెప్టెంబరు పండగ ఇంకా పదకొండు వారాలుంది.
నేను నవ్వలేదు. నవ్వి పోట్లాడి ఉంటే బాగుండేది,
మర్నాడు పొద్దున్నే నా చేతికి గోకుడు రేకు వచ్చేది కాదు.

ముప్పై ఆరేళ్లు
కొండెక్కే పెట్టెను నడిపే మీట దగ్గర కూర్చున్నవాణ్ణి.
పైకి, కిందికి. పైకి, కిందికి.
రోలరు పట్టుకోగానే చెయ్యి పాత పని గుర్తుపట్టింది.
"ఇక్కడ స్టేషన్ లేదు, ఆగకు"
అంటుంది నిచ్చెన కింద నుంచి.

అసలు చిక్కు అల్మారాతో.
తలుపుకన్నా వెడల్పు.
వాళ్ల తాత గది లోపలే కూర్చుని బిగించాడట,
గదిలో పుట్టి గదిలోనే ముసలిదైంది.
పక్కింటి లిసాండ్రో, నేను, ఒక రంపం,
మధ్యాహ్నానికి వెనక పలక ఊడింది.

గోడ బయటపడింది.
నిలువెత్తు అల్మారా ఆకారంలో
వెలిసిపోని గులాబి.
దాని అంచు మీదికి
వాళ్ల నాన్న పసుపు జానెడు దాకా వచ్చి ఆగిపోయింది.
ఆ పసుపు మీద నా తెలుపు
బ్రష్షు అందినంత మేరా వచ్చి, బెత్తెడుకే చాలనుకుంది.
పోటు దిగిన రేవు గోడ మీద నీటి చారల్లా
ఒకదాని వెనక ఒకటి
మగాళ్ల బద్ధకం.

నేను రంపం వైపు చూశాను.
లిసాండ్రో తన బూట్లు చూసుకున్నాడు.
ఎడువిహెస్ గులాబి మీద అరచెయ్యి ఆనించి
చాలాసేపు నిలబడింది.
వాళ్ల తాతనో ఎవరినో తలుచుకుని
ఒక మెత్తని మాట అంటుందనుకున్నాను.
"ఇక్కడ చెమ్మ లేదు. కాగితాలు ఇక్కడే పెడతా" అంది.

ఈసారి కూడా దాని చుట్టూనే రంగు వేశాను,
కావాలని.

ఆపైన పగుళ్ల వేట.
గాలిపటం చేసే గదిలోకి గాలి రాకూడదు.
ఈ మాట నాకు తలకెక్కడానికి రెండు రోజులు పట్టింది.
ఆ పల్చని కాగితం మనిషి ఊపిరికే లేస్తుందట,
జిగురు ఆరేలోగా మూల ముడుచుకుంటే
పైకెళ్లాక ఒక పక్కకే ఒరిగి ఏడుస్తుందట.
సముద్రం మీద నుంచి వచ్చే గాలి మా ఇంట్లో
అద్దె కట్టని మనిషి,
దానికి తెలియని సందు లేదు.
కొవ్వొత్తి పట్టుకుని తను గోడ వెంట నడిచింది.
మంట వంగిన చోటల్లా సుద్ద గీత.
గీత ఉన్న చోటల్లా వెనకాలే నేను, ఒక ముద్ద లప్పంతో.

కిటికీకి గుమ్మడి రంగు అడిగితే
కొట్టు కుర్రాడు ఉడికిన రొయ్యను కలిపిచ్చాడు.
తిరిగి ఇవ్వాలంటే రెండొందల డెబ్బై మెట్లు దిగాలి.
రొయ్యే ఉండనీ అనుకున్నాం.
పొద్దు వాలేవేళ ఎందుకో బాగానే ఉంటుంది.

అల్మారా పలకలు బల్ల అయ్యాయి.
దాని తలుపుకున్న నిలువుటద్దం
బల్ల మీద వెల్లకిలా పడుకుంది,
అద్దం మీద కాగితం కోస్తే అంచు చిరగదట.
మొదటి పటం కోస్తూ కోస్తూ కత్తి ఆపింది.
పైకి చూడలేదు. అద్దంలోకే చూస్తోంది.
నేనూ వంగి చూశాను:
పైకప్పులో, సరిగ్గా బల్లకు పైన,
అరచేతి మేర రంగు తగలని చోటు.

"నిచ్చెన తేనా?"
"జిగురు ఆరుతోంది. తలుపు వెయ్యి."
బయటికి నడవబోయాను.
"లోపలి నుంచే" అంది.